బోర్డు పట్టుకుని నిలబడ్డ మనిషి

"అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆడపిల్ల ఒక్కతే పరాయి దేశం వెళ్తోందంటే మన ఇళ్ళల్లో మొట్టమొదట వచ్చే ప్రశ్న ఇది. వీసా సంగతి, చలి సంగతి, పచ్చళ్ళ సంగతి ఆ తరవాతే. 2018లో ఆఫీసు ట్రైనింగ్ కోసం నన్ను బ్యాంకాక్ వెళ్ళమన్నప్పుడు మా అమ్మా ఇదే అడిగింది. ఎవరూ లేరన్నాను. 'ఎవరూ లేరు' అనే మాట మీద మా అమ్మకి నమ్మకం లేదు. తణుకులో కూర్చుని, ఫోన్ల మీద ఫోన్లు చేసి, మూడు రోజుల్లో బ్యాంకాక్‌లో ఒక మనిషిని సంపాదించింది. మా పెద్దమామయ్య తోడల్లుడికి చిన్నప్పటి స్నేహితుడి కొడుకట. అక్కడేదో కంపెనీలో అకౌంట్స్ చూస్తాడట. "ఆ అబ్బాయి ఎయిర్‌పోర్టుకొచ్చి నిన్ను హోటల్ దగ్గర దింపుతాడే. ఇంక నాకు టెన్షన్ లేదు" అంది.

ఆ అబ్బాయిని నేను చూడలేదు. మా అమ్మ చూడలేదు. మా పెద్దమామయ్య కూడా చూడలేదు. అయినా 'తెలిసినవాడు' అయిపోయాడు.

చెన్నై మీదుగా వెళ్ళే విమానం. రాత్రి పదిన్నరకి దిగాల్సింది, ఒంటిగంట దాటాక దిగింది. సువర్ణభూమి విమానాశ్రయం అన్న పేరు వింటే మన పక్క ఊరేమో అనిపిస్తుంది కానీ లోపల నడిచేసరికి కాళ్ళు పీకేశాయి. ఇమిగ్రేషన్ అయి, పెట్టె తీసుకుని బయటికొచ్చేసరికి రెండు కావొస్తోంది. గాజు తలుపుల అవతల, స్టీలు కమ్మీల వెనక, వరసగా బోర్డులు. కంపెనీల పేర్లు, చైనా అక్షరాలు, ఎవరో కొత్త దంపతుల పేరు చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసిన హృదయం. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాను. నా పేరు లేదు. మళ్ళీ నడిచాను. వైఫై దొరకబుచ్చుకుని ఆ అబ్బాయికి వాట్సాప్‌లో ఫోన్ చేస్తే వెళ్ళట్లేదు.

తరవాత తెలిసింది. పాపం, ఆ అబ్బాయి నిజంగానే వచ్చాడు. కాకపోతే డాన్ మువాంగ్‌కి వెళ్ళాడు. బ్యాంకాక్‌కి రెండు విమానాశ్రయాలు, ఊరికి ఒకటి ఉత్తరాన, ఒకటి తూర్పున. చవక టిక్కెట్ల విమానాలు చాలావరకు డాన్ మువాంగ్‌లో దిగుతాయి కాబట్టి నాదీ అక్కడేననుకున్నాడట. పదిన్నర నుంచి ఎదురుచూసి చూసి, ఫోన్ చార్జింగ్ అయిపోయి, ఒంటిగంటకి ఇంటికెళ్ళి పడుకున్నాడు. అతన్ని నేనేమీ అనను. నేను అనేదల్లా, ఆ నలభై నిమిషాలు నేనెక్కడ నిలబడ్డానో ఆ చోటు గురించి.

తనకోసం వచ్చేవాడి కోసం చూస్తూ నిలబడ్డ ఆడమనిషిని ఒకసారి దూరం నుంచి గమనించండి. ప్రతి మొహంలోకీ చూస్తుంది. ఎవరైనా తన వైపు అడుగేస్తే ఆశగా తలెత్తుతుంది. చేతిలో ఫోను, ఫోన్లో సిగ్నల్ లేదు. పెట్టె మీద చెయ్యి తియ్యదు. ఎవరికోసమో చూస్తోంది, వాళ్ళు రాలేదు అని ఆవిడ ఒళ్ళంతా చెబుతూ ఉంటుంది. మోసగాడికి ఇంతకంటే ఏం కావాలి?

వచ్చాడు. నల్లకోటు, మెడలో ఏదో ట్యాగు, చేతిలో లామినేషన్ చేసిన రేట్ల కార్డు. "టాక్సీ, మేడమ్?" వద్దన్నాను. అటూ ఇటూ తిరిగి మళ్ళీ వచ్చాడు. ఈసారి నా హోటల్ పేరు చెప్పాడు! నా గుండె ఒక్కసారి తేలికపడింది. "హోటల్ నుంచి వచ్చారా?" అనడిగాను. "యస్ యస్, హోటల్" అన్నాడు. పద్దెనిమిది వందల బాత్ అన్నాడు. హోటలువాళ్ళు పంపితే డబ్బులెందుకు అడుగుతాడని అప్పుడు వెలిగింది. నా చేతిలో హోటల్ బుకింగ్ కాగితం ఉంది, పేరున్న వైపు బయటికి తిప్పి పట్టుకుని ఉన్నాను. చదివేశాడు, అంతే.

ఇదంతా చూస్తున్న మనిషి ఒకావిడ ఉంది. నేల తుడుస్తోంది, మా అమ్మ వయసుంటుంది. ఒక్క మాట మాట్లాడలేదు. నావైపు చూసి, తుడుపు కర్రని కిందికి పొడిచి చూపించి, ఒక వేలెత్తింది. ఒకటో అంతస్తు. నేనున్నది రెండోది.

రైలుంటే ఈ గొడవే లేదు. సువర్ణభూమి నుంచి ఊళ్ళోకి 2010 నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ నడుస్తోంది. చివరి స్టేషన్ ఫయా థాయ్‌కి అరగంట లోపు, టిక్కెట్టు 45 బాత్. కానీ అర్ధరాత్రికి ఆగిపోతుంది. విమానాలు రాత్రంతా దిగుతూనే ఉంటాయి, రైలు మాత్రం పన్నెండుకి నిద్రపోతుంది. బ్యాంకాక్ ఒక్కటే కాదు, చాలా ఊళ్ళలో ఇంతే. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

కింద ఒకటో అంతస్తులో, తలుపు దాటగానే, వరసగా యంత్రాలు. మన రైల్వే స్టేషన్లో టిక్కెట్టు మిషన్లలాగే. తెర మీద నొక్కితే ఒక చీటీ వస్తుంది. చీటీ మీద పెద్దగా ఒక అంకె. ఆ అంకె ఉన్న గడిలో నిలబడ్డ బండే మనది. మనం ఎంచుకునేది లేదు, వాడు ఎంచుకునేది లేదు. ఆ చీటీలోనే బండి నంబరు, డ్రైవరు వివరాలు. ఫిర్యాదు చెయ్యాలంటే అదే ఆధారం. నాకొచ్చిన డ్రైవరు అరవై ఏళ్ళ పెద్దాయన. చీటీ కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఆయన నవ్వి, చెయ్యి వెనక్కి తీసుకుని, మీటరు వేశాడు. ముప్ఫై అయిదు దగ్గర మొదలైంది. మీటరు మీద ఇంకో యాభై బాత్ ఎయిర్‌పోర్టు చార్జీ, మధ్యలో ఎక్స్‌ప్రెస్‌వే టోల్ డబ్బులు మనమే ఇవ్వాలి. ఎదురుగా అద్దం కింద ఆయన ఫొటో ఉన్న కార్డు. దారంతా నేను ఒకసారి కార్డులో మొహం, ఒకసారి అద్దంలో మొహం చూస్తూ కూర్చున్నాను. ఆయనకి అర్థమైనట్టే ఉంది. ఏమీ అనుకోలేదు. హోటల్ చిరునామా ఇంగ్లీషులో ఉంటే ఆయన చదవలేకపోయాడు, కాగితం మీది నంబరుకి తన ఫోన్ నుంచి చేసి దారి కనుక్కున్నాడు. అంతా కలిపి నాలుగు వందల లోపే అయింది.

ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. థర్మల్ పేపరు కదా, అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్లకాగితమైంది. అయినా పారెయ్యలేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ రాత్రి దగ్గరే మొదలైంది. పరాయి దేశంలో దిగిన మొదటి గంటలో ఆడమనిషిని కాపాడేది తెలిసినవాళ్ళూ కాదు, ఆవిడ ధైర్యమూ కాదు. ఎవరు ఎవర్ని ఎంచుకున్నారు అన్నదే అసలు లెక్క. కమ్మీల దగ్గర నిలబడి మన దగ్గరికి వచ్చేవాడు, దిగిన మూడు వందల మందిలోంచి మనల్ని ఏరుకుని వస్తాడు. ఎందుకు ఏరుకున్నాడో వాడికే తెలుసు. వరసలో నిలబడ్డ బండివాడికి ఆ వీలు లేదు. వాడి వంతుకి ఎవరొస్తే వాళ్ళు. చెడ్డవాడు వరసలో ఉండడా అంటే ఉండొచ్చు. కానీ వేటాడేవాడికి ముందు కావలసింది ఏరుకునే అవకాశం, ఆ తరవాత కావలసింది ఎవరికీ తెలియకుండా మాయమయ్యే అవకాశం. మొదటిది వరస తీసేస్తుంది, రెండోది చీటీ తీసేస్తుంది. ఇదంతా ఏ ఆడమనిషీ కరాటే నేర్చుకోకుండానే జరుగుతుంది.

అందుకే నాకు 'ఒంటరి మహిళా ప్రయాణికులకు ఇరవై జాగ్రత్తలు' చదివితే ఒళ్ళు మండుతుంది. వేలికి ఉంగరం పెట్టుకోండి, పెళ్ళయినట్టు కనపడండి. ఫోన్లో భర్తతో మాట్లాడుతున్నట్టు నటించండి. పెప్పర్ స్ప్రే పెట్టుకోండి (చేతి సంచీలో పెడితే విమానం ఎక్కనివ్వరు, ఇది రాసినవాళ్ళు ఎప్పుడైనా విమానం ఎక్కారో లేదో). ఇరవైకి ఇరవై జాగ్రత్తలూ ఆడమనిషి చెయ్యాల్సినవే. విమానాశ్రయం చెయ్యాల్సింది ఒక్కటీ ఉండదు.

సరే, వాదన ఒక్క వైపే నడిపితే మోసం అవుతుంది. చీటీ, లైసెన్సు, యాప్, వీటన్నిటినీ దాటిపోయే మనుషులున్నారు. లండన్ నల్ల క్యాబ్‌లంటే ప్రపంచమంతా పేరు. ఊళ్ళోని వీధులన్నీ కంఠతా వస్తే గానీ లైసెన్సు ఇవ్వరు. అలాంటి లైసెన్సున్న డ్రైవరే జాన్ వర్బాయిస్. తనకి లాటరీ తగిలిందని చెప్పి, సంబరం చేసుకుందామని మందు కలిపిన షాంపేన్ ఇచ్చి, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశాడు. 2009లో 12 మంది స్త్రీల విషయంలో నేరం రుజువైంది. అంతకన్నా ముందే కొందరు వెళ్ళి ఫిర్యాదు చేశారు, పోలీసులు సరిగ్గా పట్టించుకోలేదు. బాధితులు పోలీసుల మీదే కేసు వేస్తే, 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు తప్పు పోలీసులదేనని తేల్చింది. మన దగ్గర 2014 డిసెంబరులో ఢిల్లీలో ఒక యువతి మీద క్యాబ్ డ్రైవరు చేసిన అత్యాచారం గుర్తుందిగా. యాప్‌లో బుక్ చేసుకున్న బండే, డ్రైవరే. రెండు రోజుల్లో మథురలో పట్టుకోగలిగారు. కానీ అతని క్యారెక్టర్ సర్టిఫికెట్ నకిలీదని అప్పటిదాకా ఎవరూ చూసుకోలేదు.

అంటే కాగితం ఉంటే చాలదు, ఆ కాగితాన్ని చదివేవాడు ఒకడుండాలి. ఒప్పుకుంటాను. కానీ ఈ మాట చెప్పి 'ఏదైనా ఒకటే, ఎవడి బండి ఎక్కినా ఒకటే' అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. లైసెన్సున్నవాడి విషయంలో పోలీసుల్ని కోర్టుకీడ్చి సమాధానం చెప్పించగలిగారు. నల్లకోటు వేసుకుని రేట్ల కార్డు పట్టుకున్నవాడి విషయంలో ఎవర్ని ఈడుస్తాం?

బోర్డు సంగతికొస్తే, మన పేరు రాసి పట్టుకున్న మనిషి కనపడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ బోర్డు ఏమీ రుజువు చెయ్యదు. మన పేరు వాడికి తెలుసని మాత్రమే చెబుతుంది. అసలు మనిషి కాఫీ తాగడానికి వెళ్ళినప్పుడు ఆ బోర్డు చూసి ఇంకో కాగితం మీద అదే పేరు రాసుకుని నిలబడ్డవాళ్ళ కథలు ప్రయాణాలు చేసేవాళ్ళ దగ్గర బోలెడు వింటాం. అక్కడ మనం చేసే తప్పు నేను చేసిందే. "మీరు ఫలానా హోటల్ నుంచా?" అని మనమే జవాబు అందిస్తాం. వాడు తలూపితే చాలు. అడగాల్సింది తిరగేసి అడగాలి. "ఎవరి కోసం వచ్చారు? ఎక్కడికి తీసుకెళ్తున్నారు? బుకింగ్ ఎవరు చేశారు?" వాడి నోటితో వాడు చెప్పాలి.

2019 మార్చిలో అమెరికాలో, దక్షిణ కరోలినాలోని కొలంబియాలో, ఒక కాలేజీ అమ్మాయి తను యాప్‌లో పిలిచిన కారే అనుకుని ఇంకో కారెక్కింది. కొన్ని గంటలకే శవమై దొరికింది. ఆ తరవాత అక్కడ పిల్లలంతా ఒక చిన్న ప్రశ్న అలవాటు చేసుకున్నారు. కారు తలుపు తియ్యకముందే డ్రైవర్ని అడుగుతారు, "నా పేరేంటి?" అని. యాప్‌లో పిలిచినవాడికి తెలుస్తుంది, లేనివాడికి తెలియదు. ఆ రాష్ట్రం ఆ ఏడాదే చట్టం కూడా తెచ్చింది, యాప్ కార్ల ముందు వైపూ నంబరు కనపడాలని. అక్కడ చాలా రాష్ట్రాల్లాగే దక్షిణ కరోలినాలోనూ కారు ముందు నంబరు ప్లేటు ఉండదు, ఎదురుగా వస్తున్న కారు మనదేనా అని పోల్చుకోవడం ఎలా? ఆ పిల్ల ప్రాణం పోయాక గానీ ఎవరికీ తట్టలేదు.

ఇంకొకటి, ధైర్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఎప్పుడూ చెప్పనిది: ఓటీపీ. యాప్ క్యాబ్ పిలుద్దామంటే ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తుంది, రోమింగ్ పెట్టించుకోకపోతే మన సిమ్ అక్కడ పని చెయ్యదు. కార్డు పెడదామంటే ఒక్కోసారి దానికీ ఓటీపీ. పైగా 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలోనే పని చేస్తాయి. విదేశంలో పని చెయ్యాలంటే బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి మనమే ఆ మీట నొక్కాలి. అది నొక్కడం మరిచిపోయిన మా ఆఫీసు అమ్మాయి ఒకతె, బ్యాంకులో లక్షన్నర పెట్టుకుని, పరాయి దేశంలో బస్సు టిక్కెట్టుకి డబ్బుల్లేక గంటసేపు కూర్చుంది. బయల్దేరే ముందు పచ్చడి సీసాలకి ప్లాస్టిక్ కవర్లు చుట్టేటప్పుడు చూపించే శ్రద్ధలో పదో వంతు దీని మీద పెట్టినా చాలు. హోటల్ చిరునామా ఆ దేశం లిపిలో ప్రింటు తీసుకోవడం, దిగే విమానాశ్రయం పేరు మూడక్షరాల కోడ్‌తో సహా ఇంట్లో చెప్పడం కూడా. డాన్ మువాంగ్‌లో నిలబడ్డ ఆ అబ్బాయి మీద ఒట్టు.

దుబాయ్‌లో 2007 నుంచి గులాబీ రంగు పైకప్పు టాక్సీలున్నాయి. ఆడవాళ్ళకీ, ఆడవాళ్ళతో ఉన్న కుటుంబాలకీ మాత్రమే. నడిపేది ఆడవాళ్ళే. మెట్రోలో ఆడవాళ్ళకి, పిల్లలకి వేరే పెట్టె. ఒకసారి ఎక్కాను ఆ గులాబీ టాక్సీ. డ్రైవరు ఫిలిప్పీన్స్ ఆవిడ, దారిపొడుగునా తన కూతురి మార్కుల గురించి చెప్పింది. వెనక సీట్లో భుజాలు సడలించి కూర్చోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అలాంటివి ఎక్కువ కావాలి, నాకేం అభ్యంతరం లేదు. మన తెలంగాణలోనూ షీ క్యాబ్స్ అని మొదలుపెట్టారు. కానీ నా భయం వేరే. గులాబీ బండి వచ్చేదాకా అరగంట ఆగలేక మామూలు టాక్సీ ఎక్కిన ఆడమనిషికి ఏమైనా జరిగితే, 'గులాబీది ఉందిగా, అదెందుకు ఎక్కలేదు?' అంటారు. అంటారని నాకు బాగా తెలుసు. అందుకని ముందు మామూలు బండ్లు ఆడవాళ్ళకి పనికొచ్చేలా ఉండాలి. మామూలు టాక్సీ ఎక్కిన ఆడది తప్పు చేసినట్టు కాకూడదు.

ఇక తెలిసినవాళ్ళ సంగతి. మా అమ్మ వాదనకి అసలైన జవాబు నాకు కోనసీమలో దొరికింది, మా అమ్మమ్మ ఊళ్ళో.

ఆ చుట్టుపక్కల ఏ ఊరికెళ్ళినా గల్ఫ్ డబ్బుతో కట్టిన డాబాలుంటాయి. వాటిలో చాలా డాబాలు మగవాళ్ళు కట్టినవి కావు. ఖద్దామాగా వెళ్ళిన ఆడవాళ్ళు, అంటే అక్కడి ఇళ్ళల్లో వంటకీ, పిల్లల పనికీ వెళ్ళినవాళ్ళు కట్టినవి. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి, కువైట్‌కి, మస్కట్‌కి, దుబాయ్‌కి ఎన్నో ఏళ్ళుగా వెళ్తున్నారు. మా అమ్మమ్మ ఇంటి వెనక వీధిలో ఒకావిడ పాతికేళ్ళ కిందట కువైట్ వెళ్ళి, ఎనిమిదేళ్ళు చేసి వచ్చింది. నా బ్యాంకాక్ కథ విని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"నీకెవరూ రాలేదనా భయపడ్డావు, పాపా? నాకైతే వచ్చారు" అంది.

ఆవిడ మాటల్లోనే చెబుతాను. "విమానం దిగ్గానే మమ్మల్నందర్నీ ఒక గదిలో కూచోబెట్టారు. మన తెలుగువాళ్ళూ, సిలోన్ వాళ్ళూ, ముప్ఫై నలభై మందిమి. ఒక్కొక్క బాబా, అంటే ఇంటి యజమాని, వచ్చి, కాయితం చూపించి, ఒక్కొక్కదాన్ని తీసుకెళ్తున్నాడు. నా వంతొచ్చింది. నా పాస్‌పోర్టు నా చేతికివ్వలేదు, ఆయన చేతికిచ్చారు. ఆయన జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముందు నడిచాడు, నేను వెనక నడిచాను. కారులో ఎంతసేపు వెళ్ళామో తెలీదు, అంతా ఇసక, అంతా దీపాలు. ఎటు తీసుకెళ్తున్నారని అడగడానికి నాకు భాష రాదు. నేనున్న పేట పేరేంటో తెలుసుకోడానికి మూణ్ణెల్లు పట్టింది. బాబా మంచాయనే. మంచాయన కాబట్టి వచ్చాను."

ఆ చివరి మాట తరవాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నాతోపాటు ఆ రోజు వెళ్ళిన ఫలానా ఆవిడ ఏమైందో తెలీదు, అని మాత్రం తరవాత అంది.

అన్ని ప్రయాణాల్లోకీ 'తీసుకెళ్ళడానికి మనిషి తప్పకుండా వచ్చే' ప్రయాణం ఖద్దామాది. ముందే ఏర్పాటు, ముందే పేరు, ముందే కారు. మా అమ్మ కోరుకున్నవన్నీ ఉన్నాయి. లేనిదొక్కటే. వద్దు అని చెప్పి వెనక్కి తిరిగే వీలు. చేతిలో పాస్‌పోర్టు లేదు, ఫోన్ లేదు, వెళ్ళి నిలబడడానికి ఒక వరస లేదు. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ళ కోసం చట్టం చేసింది, యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదని అందులో రాసింది. మన ప్రభుత్వం ఏం చేసిందంటే, పదో తరగతి పాసవని ఆడవాళ్ళు ముప్ఫై ఏళ్ళు నిండితే గానీ ఆ దేశాలకి పనికి వెళ్ళడానికి వీల్లేదంది. కాపాడాలనే చేశారు, కాదనను. కానీ కాపాడటమంటే వెళ్ళకుండా ఆపడమేనా? ముప్ఫై నిండనివాళ్ళు ఆగుతున్నారా? ఏజెంటు చేతిలో విజిట్ వీసా పెట్టి పంపిస్తున్నాడు. అప్పుడు అక్కడ దిగిన ఆడమనిషికి ఏ ప్రభుత్వం దగ్గరా లెక్క ఉండదు. ఏజెంటూ తెలిసినవాడే, పక్క ఊరివాడే, ఒక్కోసారి చుట్టమే.

'మన తెలుగువాడే' అన్న మాట అమెరికా వెళ్ళే పిల్లల విషయంలోనూ వింటుంటాను. అక్కడి యూనివర్సిటీల్లో మన సీనియర్లు కొత్తపిల్లల్ని విమానాశ్రయం నుంచి తీసుకెళ్ళే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. మంచి పని. వందలమంది అలా దిగి, మొదటి రాత్రి వాళ్ళ గదుల్లోనే పప్పూ అన్నం తిన్నారు. కానీ సంఘం తరపున, పేరు రాసిన పట్టికలోంచి వచ్చే సీనియర్ వేరు. వాట్సాప్ గ్రూపులో 'నేను తీసుకెళ్తా సిస్' అని ప్రైవేటుగా మెసేజ్ పెట్టినవాడు వేరు. వాడూ తెలుగువాడే. మళ్ళీ అదే లెక్క. పట్టికలోంచి వచ్చినవాడు పిల్లని ఏరుకోలేదు.

ఊరికే పరాయి దేశాల గురించి మాట్లాడుతున్నాం గానీ, షంషాబాద్‌లో దిగే పరాయి ఆడవాళ్ళకి మనది పరాయి దేశం. ఒమన్ నుంచి, సూడాన్ నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళు, ఆఫ్రికా దేశాల నుంచి చదువుకి వచ్చే పిల్లలు, తెల్లవారుజామున మూడింటికి దిగి బయటికి వస్తే ఏం కనపడుతుంది? "క్యాబ్ మేడమ్, క్యాబ్ మేడమ్" అని వెంటపడే మనుషులు. విమానాశ్రయం 2008లో మొదలైంది, మెట్రో ఇంకా అక్కడిదాకా రాలేదు. ఉన్నది పుష్పక్ బస్సు. నిజం చెప్పాలంటే నాకు ఆ బస్సంటే ప్రాణం. రాత్రి కూడా నడుస్తుంది, టిక్కెట్టు ఇస్తాడు, లోపల లైట్లుంటాయి, పదిమంది ఉంటారు. ఏ గులాబీ రంగూ వెయ్యకుండానే అది ఆడవాళ్ళ బండి. కానీ కొత్తగా దిగిన మనిషికి అది అక్కడుందని చెప్పేదెవరు? తుడుపు కర్రతో చూపించే ఆవిడ ఎవరైనా ఉండాలి.

నన్నడిగితే, విమానం దిగే వేళకి ఏదో ఒక బస్సో రైలో నడవని విమానాశ్రయం సగమే కట్టినట్టు. రాత్రి రెండింటికి విమానం దింపడానికి అనుమతి ఇచ్చినవాళ్ళు, దిగినవాళ్ళు ఇంటికెలా వెళ్తారన్నది ప్రయాణికుల తలనొప్పి అనుకుంటే ఎలా? రన్‌వే లైట్లకి కరెంటు పెడుతున్నారుగా.

మొన్న వేసవిలో మా అమ్మ ఒక్కతే అమెరికా వెళ్ళింది, డల్లాస్‌లో ఉంటున్న మా తమ్ముడి దగ్గరికి. అరవై ఆరేళ్ళు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి, అయినా వీల్‌చైర్ పెట్టించాం. మన అమ్మానాన్నలు వీల్‌చైర్ అడిగేది కాళ్ళకోసం కాదు, ఇంగ్లీషు కోసం. తోసేవాళ్ళు ఇమిగ్రేషన్ దాటించి, పెట్టెలు తీసిచ్చి, వచ్చినవాళ్ళకి అప్పగించేదాకా వదలరు. నాకు తెలిసి ప్రపంచంలో ఇంత మంచి ఏర్పాటు ఇంకోటి లేదు. దానికోసం ముసలివాళ్ళమైనట్టు నటించాల్సి రావడం ఒక్కటే చిక్కు.

ఆ రోజు మా తమ్ముడికి ఆఫీసులో ఏదో అడ్డుపడి, తన స్నేహితుణ్ణి పంపాడు. మంచి పిల్లాడు, గుంటూరు వాడు. బోర్డు మీద తెలుగులో అమ్మ పేరు రాసుకుని మరీ నిలబడ్డాడట. అమ్మ వీల్‌చైర్లోంచి లేవలేదు.

"మా అబ్బాయి పంపాడంటున్నావుగా నాయనా. ఇంట్లో వాణ్ణి ఏమని పిలుస్తామో చెప్పు" అందట.

అతనికేం తెలుస్తుంది? పాపం, వీల్‌చైర్ తోసే నల్లజాతి ఆవిడ ముందు, అందరి ముందు, మా తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, ఆంటీ నీ ముద్దుపేరు అడుగుతున్నార్రా" అన్నాడు. మీటింగులో ఉన్న మా తమ్ముడు స్పీకర్‌లో, గొంతు తగ్గించి, చెప్పాడు. అమ్మ అప్పుడు లేచింది.

ఇప్పుడు డల్లాస్‌లో వాడి స్నేహితులంతా వాణ్ణి బుజ్జిపండు అనే పిలుస్తున్నారు. నా మీద వాడు ఇంకా కోపంగానే ఉన్నాడు.